పొగ లేదు సరే, లీకు సంగతేంటి?

ఈ మధ్య రైల్లో వెళ్తుంటే ఎదుటి సీట్లో పెద్ద వాదన నడిచింది. ఒకాయనకి సొంత ట్యాక్సీలున్నాయి, అన్నీ సీఎన్‌జీవే, అంటే గట్టిగా నొక్కి నింపిన సహజవాయువుతో నడిచేవే. "గ్యాస్ బండంటే పొల్యూషనే ఉండదు కదా, ఇంకా ఆలోచించేదేముంది?" అన్నారు. ఆయన పక్కనున్న ఇంజినీరింగ్ కుర్రాడు ఒప్పుకోలేదు. "అదీ పెట్రోల్ లాగే భూమిలోంచి తోడిందే అంకుల్. పేరు మార్చినంత మాత్రాన మంచిదైపోతుందా?" అన్నాడు. దిగేదాకా ఇద్దరూ తగ్గలేదు. ఆయన పొగ గొట్టం చూడమంటారు, అతను గ్యాస్ తోడే బావి చూడమంటాడు. బావికీ పొగ గొట్టానికీ మధ్య ఏం జరుగుతుందన్నది ఇద్దరూ ఎత్తలేదు.

నాకు అసలు విషయం ఆ మధ్యలోనే ఉందనిపిస్తుంది. సీఎన్‌జీ మంచి ఇంధనమా కాదా అన్నదానికి ఒక్క జవాబు లేదు. ఒక దేశంలో, ఒక పైపులైన్ మీద అది డీజిల్ కన్నా ఎంతో మెరుగు కావచ్చు. ఇంకోచోట అదే బస్సు, అదే ఇంజిన్, అదే సిలిండర్ పెట్టుకుని డీజిల్ కన్నా ఎక్కువ చేటు చేయొచ్చు. తేడా అంతా దారిలో ఎంత గ్యాస్ గాలిలో కలిసిపోయిందన్న దగ్గరే ఉంది. ఆ ఒక్క అంకె చెప్పకుండా బస్సు వెనక "స్వచ్ఛ ఇంధనం" అని రాయకూడదన్నది నా వాదన. అలాగని సీఎన్‌జీ వద్దనే వాళ్ళతో కలవడానికీ నాకు మనసొప్పదు. ఎందుకో చెప్తాను.

ముందు దాని మంచి

డీజిల్ పొగ వెనక బండి నడిపినవాళ్ళకి దాని సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ నల్లటి మసి ఊపిరితిత్తుల లోపలి దాకా పోతుంది. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిల్ పొగని మనుషులకి కచ్చితంగా క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది. పొగాకు, ఆస్‌బెస్టాస్ ఉన్న జాబితా అది.

ఢిల్లీ కథ చాలామందికి తెలిసిందే. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా 1985లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 1998 జూలై 28న ఆదేశం ఇచ్చింది. 2001 మార్చి 31 కల్లా నగరంలో బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలంది. గడువు నాటికి బస్సులూ చాలలేదు, బంకులూ చాలలేదు. ఆటోలు గంటల తరబడి క్యూలో ఉండేవి, డ్రైవర్లు రాత్రిళ్ళు బండిలోనే పడుకునేవాళ్ళు. చివరికి 2002 ఆఖరుకి డీజిల్ సిటీ బస్సులు రోడ్డెక్కడం మానేశాయి. అప్పటి బస్సు వెనక ప్రయాణానికీ తర్వాతి ప్రయాణానికీ ఉన్న తేడా ఆ ఊళ్ళో ఉన్న ఎవర్నడిగినా చెప్తారు.

ఆ రోజుల్లో దీన్ని వ్యతిరేకించినవాళ్ళందరూ డీజిల్ కంపెనీల మనుషులేమీ కారు. బండ్ల ఇంధన విధానం మీద కేంద్రం వేసిన మాషేల్కర్ కమిటీ అడిగిన ప్రశ్న ఇప్పటికీ బరువైనదే: ప్రభుత్వం ఏ ఇంధనం వాడాలో చెప్పడమెందుకు, ఎంత కాలుష్యం దాటకూడదో చెప్పి ఊరుకుంటే చాలదా? గంధకం బాగా తగ్గించిన డీజిల్, మంచి ఫిల్టరు పెట్టుకుని ఆ హద్దులో ఉండగలిగితే దాన్నెందుకు ఆపాలి? సిద్ధాంతంగా చూస్తే ఈ మాటకి ఎదురు చెప్పలేం. కానీ ఆచరణలో కల్తీ డీజిల్, పనిచేయని ఫిల్టరు, డబ్బిస్తే దొరికే పొల్యూషన్ సర్టిఫికెట్ ఉన్నచోట, దాదాపు మసే రాని ఇంధనం పెట్టేయడం మేలని నేను కోర్టు పక్షానే ఉంటాను. సీఎన్‌జీలో ఎక్కువ భాగం మీథేన్ అనే వాయువే. దాని అణువులో ఒకే ఒక్క కార్బన్ ఉంటుంది. కార్బన్‌కి కార్బన్ అతుక్కుని ఉండదు కాబట్టి మండినప్పుడు మసి చాలా తక్కువ. డ్రైవరు బాగా చూసుకున్నా, చూసుకోకపోయినా ఈ గుణం పోదు. మెయింటెనెన్స్ సరిగా ఉండని చోట ఇది చిన్న సుగుణం కాదు.

అయితే మసి లేదంటే కాలుష్యం లేదని కాదు. ఇంజిన్ లోపలి వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు తయారవుతాయి. ఇంధనం ఏదైనా ఇది తప్పదు. ఢిల్లీ, గురుగ్రామ్ రోడ్ల మీద పోతున్న బండ్ల పొగని దూరం నుంచి పరికరాలతో కొలిచి 2024లో ప్రచురించిన అధ్యయనంలో సీఎన్‌జీ ట్యాక్సీలు, చిన్న సరుకు బండ్లు ఈ ఆక్సైడ్లని ల్యాబ్ పరీక్షల హద్దుకి ఎన్నో రెట్లు ఎక్కువ వదులుతున్నట్టు తేలింది. కంటికి కనబడనిది ఎవరూ కొలవకపోతే ఏమవుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ముక్కుకి తెలిసేది, తెలియనిది

గ్యాస్ బంకులో గమనించే ఉంటారు, నాజిల్ ఊడదీసేటప్పుడు "తుస్సు"మని చప్పుడొస్తుంది, వెంటనే కుళ్ళిన వాసన కొడుతుంది. ఒకసారి అలా వాసన ఎక్కువసేపు ఉండిపోతే, లీకవుతోందేమో చూడమని అక్కడి అబ్బాయిని అడిగాను. "నాజిల్‌లో మిగిలింది సార్, మామూలే, పైకెళ్ళిపోతుంది" అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. మీథేన్ గాలి కన్నా తేలిక, గాలి బరువులో సగానికి కాస్త ఎక్కువ ఉంటుందంతే. వంటగ్యాస్ లాగా నేల మీద పరుచుకోదు, గుంటల్లో చేరదు. గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. ఆరుబయట ఆ మోతాదుకి చేరే లోపే చెదిరిపోతుంది. సీఎన్‌జీ బంకులు, బండ్లు మనం భయపడినంత ప్రమాదకరం కాకపోవడానికి ఇదో పెద్ద కారణం.

ఇక ఆ వాసన. అది గ్యాస్‌ది కాదు, మెర్‌కాప్టాన్ అనే రసాయనాన్ని కావాలని కలుపుతారు. 1937 మార్చి 18న అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని న్యూ లండన్ అనే ఊళ్ళో బడి కింద చేరిన సహజవాయువు పేలి దాదాపు 300 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. గ్యాస్ లీకవుతున్నట్టు ఎవరికీ తెలియలేదు, దానికి వాసన లేదు మరి. ఆ దుర్ఘటన తర్వాతే వాసన కలపాలన్న చట్టాలు వచ్చాయి.

ఈ ఏర్పాటు ప్రాణాలు కాపాడింది. కానీ వాసన కలిపేది ఎక్కువగా జనం మధ్యకి వచ్చే గ్యాస్‌కే. బావి దగ్గర, శుద్ధి చేసే ప్లాంటులో, వందల కిలోమీటర్ల పెద్ద పైపులైన్లలో చాలాచోట్ల వాసన ఉండదు. అంటే మన ముక్కు కాపలా కాసేది చివరి కాస్త దూరమే. అంతకు ముందు జరిగేది కొలిస్తే తప్ప తెలియదు.

దీనికి తోడు, లీకు కానిదాన్ని లీకనుకుని టెన్షన్ పడటం ఒకటి. బంకులో గబగబా నింపితే సిలిండర్ లోపల గ్యాస్ వేడెక్కుతుంది. ముల్లు 200 బార్ (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు) చూపించేసరికి మెషీన్ ఆగిపోతుంది. ఇంటికెళ్ళి చల్లారాక చూస్తే ముల్లు కిందికి దిగి ఉంటుంది. "రాత్రికి రాత్రి గ్యాస్ తగ్గిపోయింది, సిలిండర్ లీకవుతోంది" అని మెకానిక్ చుట్టూ తిరిగేవాళ్ళు చాలామంది. అక్కడ తగ్గింది ప్రెషర్, గ్యాస్ కాదు. సీఎన్‌జీని లీటర్లలో కాక కిలోల్లో అమ్మేది ఇందుకే, తూకమైతే వేడికి మారదు. మన సిలిండర్ విషయంలో ఇంత కంగారుపడే మనం, ఆ సిలిండర్ దాకా వచ్చే దారిలో ఏం పోయిందని ఎప్పుడూ అడగం.

బాబాయి సబ్బునీళ్ళు

మాకు వరసకి బాబాయి ఒకాయన రిటైరయ్యేదాకా గ్యాస్ కంప్రెసర్ల మీద పనిచేశారు. సర్వీసులో ఉండగా ఒకసారి లోపలికి తీసుకెళ్ళారు, ఫోన్ గేటు దగ్గరే పెట్టించేసి. నాకు బాగా గుర్తున్నది ఆ మిషన్ల హోరు కాదు, ఆయన చేతిలో ఉన్న సబ్బునీళ్ళ డబ్బా. రెండు పైపులు కలిసే చోట బోల్టుల చుట్టూ బ్రష్‌తో సబ్బునీళ్ళు పూశారు. చాలా బోల్టుల దగ్గర ఏమీ లేదు. ఒకచోట మాత్రం చిన్న బుడగ లేచింది, మెల్లగా ఉబ్బింది, పగిలింది, మళ్ళీ ఇంకోటి లేచింది. ఆయన రెంచి వేసి ఓ పావు తిప్పు బిగించారు. బుడగ రావడం తగ్గింది గానీ ఆగలేదు.

"ఇంకా వస్తోంది కదా బాబాయ్" అన్నాను.

"ఇది ప్రమాదం కాదురా. గాలి ఆడే చోటు, పైకెళ్ళిపోతుంది. షట్‌డౌన్ తీసుకున్నప్పుడు గాస్కెట్ మారుస్తాం" అన్నారు. కాసేపాగి ఇంకోమాట కూడా అన్నారు: "ఇది అంటుకుంటుందా లేదా అనే అందరూ అడుగుతారు. ఎన్ని గ్రాములు పోతోందని ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదు."

నా అభిప్రాయమంతా ఆ మాట చుట్టూనే అల్లుకుంది. గ్యాస్ రంగం లీకుని భద్రత కోణంలోంచే చూడటం నేర్చుకుంది. ప్రమాదమైతే వెంటనే ఆపుతారు, అందులో వాళ్ళ పనితనానికి వంక పెట్టలేం. ప్రమాదం కాకపోతే వాయిదా పడుతుంది. తేలిగ్గా పైకెళ్ళిపోవడం అనే గుణమే ఆ వాయిదాకి ధైర్యమిస్తోంది. మనుషుల్ని కాపాడే గుణమే వాతావరణానికి చేటు తెస్తోంది, ఎందుకంటే పైకెళ్ళిన మీథేన్ మాయమవదు, దాదాపు పన్నెండేళ్ళ పాటు గాలిలో ఉండి వేడిని పట్టి ఉంచుతుంది.

ఒక్క బోల్టు దగ్గర బుడగ ఏపాటిది అనిపిస్తుంది. దారి మొత్తం తలుచుకుంటే అలా అనిపించదు. బావిలోంచి వచ్చే గ్యాస్‌లో నీరుంటుంది, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి, ప్రొపేన్ బ్యూటేన్ లాంటి బరువైనవి ఉంటాయి. వాటన్నిటినీ విడదీయాలి. నీటిని పీల్చే గ్లైకాల్ అనే ద్రవాన్ని మళ్ళీ కాచేటప్పుడు కాస్త మీథేన్ బయటికి పోతుంది. కరెంటు లేని బావుల దగ్గర వాల్వుల్ని తిప్పడానికి గ్యాస్ ప్రెషర్‌నే వాడే పరికరాలుంటాయి, అవి తిరిగినప్పుడల్లా కాస్త గ్యాస్ వదిలేలా తయారైనవే. పైపులైన్ రిపేరుకి ఆ ముక్కలో ఉన్న గ్యాస్‌ని గాలిలోకి వదిలేస్తారు. చివరికి బంకు దగ్గర గ్యాస్‌ని 200, 250 బార్ దాకా నొక్కాలి. ఒకేసారి నొక్కితే విపరీతంగా వేడెక్కుతుంది కాబట్టి మూడు నాలుగు దశల్లో నొక్కి, మధ్యమధ్య చల్లారుస్తారు. అంత ప్రెషర్ దగ్గర ముందుకీ వెనక్కీ ఆడే పిస్టన్ రాడ్డు చుట్టూ ఎంత గట్టి ప్యాకింగ్ పెట్టినా కొంత తప్పించుకుంటుంది. పైపులైన్ లేని బంకులకి సిలిండర్ల బండి మీద గ్యాస్ తెస్తారు, అక్కడ కలపడం, విప్పడం ఇంకో రెండుసార్లు. ఇంజిన్‌లో కూడా మొత్తం కాలదు. మిగిలిన మీథేన్‌ని పొగ గొట్టం దారిలో పొగని శుభ్రం చేయడానికి పెట్టిన కాటలిస్ట్ కాల్చాలి, కానీ హైడ్రోకార్బన్లన్నిటిలో మొండిది ఇదే, కాటలిస్ట్ బాగా వేడెక్కితే గానీ లొంగదు. పొద్దున్నే బండి స్టార్ట్ చేసి దగ్గర్లోకి వెళ్ళొచ్చేవాళ్ళ బండిలో అది అంత వేడెక్కకముందే ప్రయాణం అయిపోతుంది.

కిలోకి ఎన్ని గ్రాములు?

ఇక్కడ కాస్త లెక్క వేయాలి. పెద్ద కష్టమైనది కాదు, ఓపిగ్గా చదవండి.

ఒక కిలో మీథేన్ పూర్తిగా కాలితే 2.75 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ కిలోలో ఎంత శక్తి ఉందో అంత శక్తిని డీజిల్ కాల్చి తీసుకుంటే దాదాపు 3.7 కిలోలు వస్తుంది. అంటే కిలో గ్యాస్‌కి మనం మిగుల్చుకున్నది సుమారు 0.95 కిలోలు. గ్యాస్ బండి ప్రచారమంతా ఈ 25 శాతం మీదే నడుస్తుంది.

ఇప్పుడు లీకు. ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం, భూమిలోంచి తీసిన మీథేన్ అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కన్నా 20 ఏళ్ళ కాలానికి లెక్కిస్తే 82.5 రెట్లు, 100 ఏళ్ళకి లెక్కిస్తే 29.8 రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. 0.95 కిలోల లాభాన్ని 82.5తో భాగిస్తే 11 గ్రాముల పైచిలుకు వస్తుంది. అంటే కిలో గ్యాస్ బండికి చేరే లోపు, కాలే లోపు దారిలో పన్నెండు గ్రాములు పోతే చాలు, వచ్చే 20 ఏళ్ళ లెక్కలో లాభమంతా హరించుకుపోతుంది. వందేళ్ళ లెక్కలో అయితే 32 గ్రాముల దాకా ఓర్చుకోవచ్చు.

మరి నిజంగా ఎంత పోతోంది? అమెరికాలో విమానాల్లోంచి, బావుల పక్క నుంచి కొలిచిన అంకెలన్నీ కలిపి 2018లో 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. తీసిన గ్యాస్‌లో 2.3 శాతం లీకవుతోందని తేల్చారు. అక్కడి ప్రభుత్వ లెక్క కన్నా ఇది 60 శాతం ఎక్కువ. అందులోనూ పెద్ద వాటా బావుల దగ్గరదే. ఆ 2.3ని పై లెక్కలో పెట్టి చూడండి. వందేళ్ళ లెక్కలో గ్యాస్ కాస్త మిగుల్తుంది, ఇరవై ఏళ్ళ లెక్కలో డీజిల్ చేతిలో ఓడిపోతుంది. పైగా డీజిల్ ఇంజిన్ అదే బరువుని తక్కువ శక్తితో లాగుతుంది కాబట్టి గ్యాస్ ఆధిక్యం ఇంకొంచెం తరుగుతుంది.

ఈ లెక్కకి అడ్డుతగిలేవి

పై లెక్క రాసుకున్నాక నాకు నేనే వేసుకున్న ప్రశ్నలు కొన్నున్నాయి.

మొదటిది, డీజిల్ కూడా ఊరికే రాదు. చమురు తోడేటప్పుడూ మీథేన్ వస్తుంది, చాలా చమురు క్షేత్రాల్లో దాన్ని తగలబెట్టేస్తారు, లేదా అలాగే వదిలేస్తారు. రిఫైనరీలో బోలెడంత శక్తి ఖర్చవుతుంది. అది కూడా కలిపితే డీజిల్ వైపు అంకె 3.7 దగ్గర ఆగదు. ఇది న్యాయమైన అభ్యంతరం, గ్యాస్‌కి ఊరటనిచ్చేది. డీజిల్ మసి కూడా వేడిని పట్టే పదార్థమే.

రెండోది, 20 ఏళ్ళా, 100 ఏళ్ళా? ఇది విజ్ఞానశాస్త్రం తేల్చే ప్రశ్న కాదు, మనకేది ముఖ్యమన్నదాన్ని బట్టి ఉంటుంది. మీథేన్ త్వరగా పోతుంది, కార్బన్ డయాక్సైడ్ శతాబ్దాలు ఉంటుంది. ముందున్న రెండు మూడు దశాబ్దాల్లో వేడి ఎంత పెరుగుతుందన్న బెంగ నాకు ఎక్కువ కాబట్టి నేను 20 వైపు మొగ్గుతాను. ముని మనవల కాలం గురించి ఆలోచించేవాళ్ళు 100 వైపు మొగ్గితే వాళ్ళతో పోట్లాడను.

మూడోది అన్నిటికన్నా గట్టిది. లీకు అన్నిచోట్లా ఒకేలా లేదు. నార్వే సముద్ర క్షేత్రాల్లో లీకు చాలా తక్కువ. తుర్క్‌మెనిస్తాన్‌లో ఉపగ్రహాలు పెద్ద పెద్ద మీథేన్ మబ్బుల్ని మళ్ళీ మళ్ళీ పట్టుకున్నాయి. ఒక్క బావి చెడితే ఎంత పోతుందో కాలిఫోర్నియాలోని అలిసో కాన్యన్ చూపించింది. 2015 అక్టోబరు నుంచి 2016 ఫిబ్రవరి దాకా ఒకే ఒక్క నిల్వ బావిలోంచి 97 వేల టన్నుల మీథేన్ గాలిలో కలిసింది. కాబట్టి అమెరికా అంకె పట్టుకుని ప్రపంచంలోని సీఎన్‌జీ బస్సులన్నిటికీ తీర్పు చెప్పేయడం తప్పే. దీన్ని సీఎన్‌జీని సమర్థించేవాళ్ళు తమకి అనుకూలంగా వాడుకుంటారు. నాకేమో ఇదే అసలైన కారణంగా కనిపిస్తుంది: తేడా ఇంత ఉన్నప్పుడు ఎక్కడికక్కడ కొలవకుండా ఎలా?

ఎలక్ట్రిక్ బస్సు వచ్చాక ఈ గొడవంతా ఎందుకంటారు కొందరు. సిటీ బస్సు వరకూ నేనూ అదే అంటాను. రోజూ ఒకే దారిలో తిరిగి రాత్రికి డిపోకి చేరే బండికి బ్యాటరీ బాగా సరిపోతుంది, కొత్తగా కొనేటప్పుడు గ్యాస్ బస్సు కొనడానికి కారణం ఏటికేడు తగ్గిపోతోంది. కానీ ఇప్పటికే తిరుగుతున్న లక్షల గ్యాస్ బండ్లు ఇంకో పదిహేనేళ్ళు తిరుగుతాయి. వందల కిలోమీటర్లు పోయే లారీల సంగతి ఇంకా తేలలేదు. ఆ పదిహేనేళ్ళలో లీకు తగ్గించడం ఎలక్ట్రిక్ కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం కన్నా త్వరగా ఫలితమిస్తుంది, మీథేన్ త్వరగా పోయేదే కాబట్టి.

ఇంకో సంగతి గ్యాస్ దొరకడం గురించి. పాకిస్తాన్ 2000 తర్వాత ఇరవై లక్షల పైచిలుకు బండ్లని సీఎన్‌జీకి మార్చింది, ఒకప్పుడు ప్రపంచంలోనే ముందు వరసలో ఉండేది. సొంత గ్యాస్ తగ్గేసరికి వారంలో కొన్ని రోజులు బంకులు మూసేయాల్సొచ్చింది. లీకు చర్చలో దీన్నెందుకు తెచ్చానంటే, అక్కడి పంపిణీ సంస్థల్లో కొన్నదానికీ అమ్మినదానికీ మధ్య పది శాతం దాటి తేడా వచ్చిన సంవత్సరాలున్నాయి. అదంతా లీకే కాదు, దొంగతనం, మీటర్ల తప్పులు కలిసి ఉంటాయి. అయినా ఆ అంకె బయటికి చెప్పారు కాబట్టే ఎవరైనా నిలదీయగలిగారు.

చెత్తలోంచి వచ్చే గ్యాస్

ఇదే బండిలో, ఇదే సిలిండర్‌లో భూమిలోంచి తీయని గ్యాస్ కూడా నింపొచ్చు. స్టాక్‌హోమ్‌లో హెన్రిక్స్‌డాల్ మురుగునీటి ప్లాంటులో తయారయ్యే గ్యాస్‌తో సిటీ బస్సులు నడిచాయి. స్వీడన్‌లోనే లింషోపింగ్ నుంచి 2005లో బయోగ్యాస్ రైలే వేశారు. ఇందోర్‌లో 2022 ఫిబ్రవరిలో మొదలైన ప్లాంటు రోజుకి 550 టన్నుల తడిచెత్త తీసుకునే సామర్థ్యంతో కట్టింది. చెత్తని గాలి తగలకుండా కుళ్ళబెడితే వచ్చే గ్యాస్‌లో సగం పైన మీథేన్, మిగతాది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. దాన్ని విడదీసి, హైడ్రోజన్ సల్ఫైడ్ తీసేసి, కంప్రెసర్‌తో నొక్కితే ఇంజిన్‌కి తేడా తెలియదు.

దీన్ని నేను మనస్ఫూర్తిగా ఇష్టపడతాను. ఆ చెత్త డంప్ యార్డులో పడి ఉన్నా మీథేనే వస్తుంది, అది సూటిగా ఆకాశంలోకే పోతుంది. దాన్ని పట్టి కాలిస్తే రెండు విధాలా లాభం. కానీ ఇక్కడా ఒక జాగ్రత్త ఉంది. జర్మనీలో గ్యాస్ కోసమే మొక్కజొన్న పండించడం మొదలుపెట్టారు. పొలానికి ఎరువు, ట్రాక్టరుకి డీజిల్, తిండి పండే నేల, ఇవన్నీ లెక్కలోకి వస్తే ఆ గ్యాస్ సంగతి వేరు. చెత్తలోంచి వచ్చేది వేరు, చెత్త పేరు చెప్పి పంటలోంచి తీసేది వేరు.

పైగా బయోగ్యాస్ ప్లాంటు కూడా లీకవుతుంది. పైన కప్పే రబ్బరు షీటు అంచుల్లోంచి, గ్యాస్ తీసేశాక మిగిలిన ద్రవం నిలవుంచే తెరిచిన తొట్టిలోంచి మీథేన్ పోతూనే ఉంటుంది. అది ఆవు పేడలోంచి వచ్చిందా, సముద్రం కిందనుంచి వచ్చిందా అని ఆకాశం చూడదు. "ఇది బయో కదా" అని కొలవడం మానేస్తే, ప్లాంటు కట్టకముందు కన్నా పరిస్థితి మెరుగైందో లేదో చెప్పలేం. మన దేశంలో 2018 అక్టోబరులో మొదలైన సతత్ పథకం 5000 ప్లాంట్లు లక్ష్యంగా పెట్టుకుంది, అందులో కట్టినవి చాలా కొద్ది. కట్టబోయేవాటికి మొదట్నించే కొలిచే నియమం పెట్టడం, కట్టాక సరిచేయడం కన్నా ఎంతో చవక. ఇప్పుడు చేయాల్సిన పని కాబట్టి ఇది నాకు ఇంకా ముఖ్యం.

అడుగుతున్నదేమిటంటే

నేను కోరేది అసాధ్యమైనది కాదు. యూరోపియన్ యూనియన్ 2024లో చట్టమే చేసింది. చమురు, గ్యాస్ కంపెనీలు లీకుల్ని క్రమం తప్పకుండా వెతకాలి, కొలవాలి, గడువులోగా సరిచేయాలి, మామూలు పనుల్లో గ్యాస్‌ని గాలిలోకి వదిలేయకూడదు. బయటి దేశాల నుంచి గ్యాస్ తెచ్చుకునేటప్పుడు అక్కడా అలాగే కొలుస్తున్నారా అని కొన్నేళ్ళలో అడగబోతోంది. లీకుని చూపించే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు ఇప్పుడు కొత్తవి కావు. సబ్బునీళ్ళ దగ్గర మొదలైన పని కెమెరా దాకా వచ్చింది, అక్కడ కనిపించిన దాన్ని గ్రాముల్లో రాసి బయటపెట్టడమే మిగిలింది.

ఒక్కో పంపిణీ సంస్థ ఏడాదికి ఎంత గ్యాస్ కొన్నది, ఎంత అమ్మింది, తేడా ఎంత, అందులో లీకు ఎంతని కొలిచారు అన్నది కరెంటు కంపెనీలు లైన్ నష్టాలు చెప్పినట్టే చెప్పాలి. బస్సులు కొనే కార్పొరేషన్ టెండర్‌లో బండి మైలేజీతో పాటు గ్యాస్ ఎక్కడినుంచి వస్తోంది, దారిలో ఎంత పోతోంది అని అడగాలి. బండి పొల్యూషన్ పరీక్షలో కాలని మీథేన్‌ని విడిగా చూపించాలి. ఈ మూడూ చేసి, కిలోకి పది గ్రాముల లోపే పోతోందని ఎవరైనా కొలిచి చూపిస్తే, ఆ బస్సు వెనక ఏం రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు. చూపించలేకపోతే పొగ రాని బస్సు అని రాసుకోవచ్చు, అది నిజమే కాబట్టి.

మన చేతిలో ఉన్నది కాస్తే. సిలిండర్‌కి మూడేళ్ళకోసారి చేయించాల్సిన హైడ్రో టెస్ట్, అంటే నీళ్ళు నింపి ప్రెషర్ తట్టుకుంటుందా అని చూసే పరీక్ష, తప్పించుకోవద్దు. ఎక్కడ పడితే అక్కడ చవగ్గా కిట్ బిగించుకోవద్దు, ట్యూనింగ్ సరిగా లేని ఇంజిన్ కాలని గ్యాస్‌ని ఎక్కువ వదులుతుంది. వాసన వస్తే "మామూలే" అన్న మాటతో సరిపెట్టుకోకుండా రెండోసారి చూడమని అడగండి. మిగిలినదంతా బావికీ బంకుకీ మధ్య ఉన్నవాళ్ళు చేయాల్సిందే, వాళ్ళ చేత చేయించాల్సిందే.